ఆత్మరక్షణ నేర్పబోయే తోటి శిక్షకులకు

జూడోనో కరాటేనో ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళు, ఊళ్ళో ఆడవాళ్ళకు ఆత్మరక్షణ నేర్పుదామని ముందుకొస్తే నేను మొదట చెప్పే మాట ఒకటే: మీకు వచ్చినదంతా నేర్పకండి. మీ ముందుకు వచ్చేవాళ్ళు పతకాల కోసం రారు. వారానికి ఒక పూట, అదీ ఇంటిపని తెమిలితేనే వస్తారు. ఆరు ఆదివారాలు, రెండేసి గంటల చొప్పున పన్నెండు గంటలు దొరికితే గొప్ప. అందులో ఇరవై పట్లు చూపిస్తే ఇంటికి చేరేసరికి ఒక్కటీ గుర్తుండదు. అయిదు నేర్పి, ఒక్కొక్కటీ విసుగు పుట్టేదాకా చేయిస్తే, భయంలో బుర్ర పనిచేయకపోయినా చెయ్యి కదులుతుంది.

నేను గుంటూరులో బడిపిల్లలకు వ్యాయామం నేర్పే టీచరును. జూడో నా ఆట. ఆదివారం పొద్దున బడి వరండాలో పెద్దవాళ్ళకు ఈ తరగతి నడుపుతాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మిర్చి పనికి వెళ్ళే ఆడవాళ్ళు. యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయలకు తొడిమలు తీసే పని వాళ్ళది. చీకటి పడ్డాక షేర్ ఆటోల్లో నల్లపాడు వైపో పేరేచర్ల వైపో ఇళ్ళకు చేరతారు. మిగిలినవాళ్ళలో నర్సింగ్ చదివే అమ్మాయిలు, బట్టల దుకాణాల్లో పనిచేసేవాళ్ళు, కుట్టుమిషను పెట్టుకున్న ఒక పెద్దావిడ, ఉద్యోగ విరమణ చేసిన ఒక గుమాస్తాగారు ఉంటారు. ఇక్కడ రాసేది వాళ్ళకు నేర్పుతూ పోగుచేసుకున్నదే.

పన్నెండు గంటలతో ఏమవుతుందని అనుకోకండి. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదువుతున్న 893 మంది అమ్మాయిలతో చేసిన అధ్యయనం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. చార్లీన్ సెన్ బృందం ఇచ్చిన ఆ శిక్షణ కూడా మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు, మొత్తం పన్నెండు గంటలే. ఏడాది తర్వాత లెక్క చూస్తే, కరపత్రాలు మాత్రమే అందుకున్న అమ్మాయిల్లో అత్యాచారానికి గురైనవాళ్ళు 9.8 శాతం, శిక్షణ తీసుకున్నవాళ్ళలో 5.2 శాతం. ఆ పన్నెండు గంటల్లో దెబ్బలు, తన్నులు కొంత భాగమే. తెలిసినవాడి తీరులో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, మొహమాటాన్ని దాటుకుని వద్దని చెప్పడం చాలా సమయం తీసుకున్నాయి.

మన దగ్గరా సంగతి అదే. అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు ఏటా చెబుతున్నాయి. బంధువు, పొరుగువాడు, పనిచేసే చోట పైవాడు, పెళ్ళి చేసుకుంటానన్నవాడు. చీకటి సందులో ముసుగు మనిషిని మాత్రమే ఊహించుకుని తయారుచేసిన పాఠం అసలు ప్రమాదం జోలికే పోదు.

మొదటి ఆదివారం: ఎవరినీ ముట్టుకోకండి

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. తలుపు కనబడేలా, ఎప్పుడైనా లేచి బయటికి వెళ్ళగలిగేలా ఉండాలి. మీ మీద ఎప్పుడైనా దాడి జరిగిందా అని అందరి ముందూ అడగకండి. జరిగినవాళ్ళు ఆ గుంపులో తప్పకుండా ఉంటారు. వాళ్ళు చెప్పాలనుకుంటే తరగతి అయ్యాక మీ దగ్గరికే వస్తారు. ఏ అభ్యాసమైనా చేయలేకపోతే కారణం చెప్పకుండా పక్కన కూర్చోవచ్చని మొదటే చెప్పండి. మెడ మీద చెయ్యి పడగానే వణికిపోయే మనిషిని బలవంతాన నిలబెట్టడం శిక్షణ కాదు.

ఆరోగ్యం గురించి మాత్రం ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. మోకాళ్ళ నొప్పులు, రక్తపోటు, ఈమధ్య జరిగిన ఆపరేషన్లు, గర్భం. మిర్చి పనివాళ్ళకు దగ్గు, ఆయాసం ఎక్కువ. పరుగు అభ్యాసాలు వాళ్ళకు చిన్న చిన్న ముక్కలుగా ఇవ్వాలి.

బట్టల సంగతి కూడా ఆరోజే తేల్చండి. ట్రాక్ ప్యాంట్లు తెచ్చుకోమని మేము చెప్పం. ఆపద వచ్చినప్పుడు ఏం కట్టుకుని ఉంటారో అవే బట్టలతో రమ్మంటాం. చీర కట్టుకుంటే మోకాలు నడుము దాకా లేవదు. కుచ్చిళ్ళు ఎడమ చేత్తో గుప్పిట పట్టి మోకాలి పైకి ఎత్తి పరుగెత్తడం వేరే విద్య, దాన్నీ సాధన చేయించాలి. చున్నీ మెడ చుట్టూ తిప్పుకుంటే వెనకనుంచి లాగేవాడికి అదే పలుపుతాడవుతుంది. దాన్ని ఒక భుజం మీదే వేసుకుని, లాగితే జారిపోయేలా ఉంచుకోవాలి. హవాయి చెప్పులతో పరుగెత్తలేరు. రెండు విదిలింపుల్లో వదిలేసి పరుగు అందుకోవడం వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా చేయించండి. గాజు గాజులు సాధనలో పగిలి గుచ్చుకుంటాయి, అందుకని తీసి పక్కన పెట్టించండి లేదా పైన గుడ్డ చుట్టించండి. బురఖా వేసుకునే అమ్మాయిలు దానితోనే సాధన చేయాలి.

గొంతు

దెబ్బ కంటే ముందు గొంతు నేర్పాలి. ఇది తేలికనుకుంటారు చాలామంది శిక్షకులు. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది ఇదే. గట్టిగా మాట్లాడవద్దని పుట్టినప్పటినుంచీ విన్నవాళ్ళను నలుగురి ముందూ అరవమంటే సిగ్గుతో నవ్వేస్తారు. నవ్వనివ్వండి. మందలిస్తే ఆ కాస్త గొంతూ లోపలికి పోతుంది. ముందు అందరిచేత ఒకేసారి అరిపించండి, తర్వాత ఇద్దరిద్దరుగా, చివర్లో ఒక్కొక్కరిగా. పొట్టలోంచి గాలి బయటికి నెట్టుతూ పొట్టి మాట పలకాలి: "వద్దు!" "చెయ్యి తియ్యి!" "వెనక్కి జరుగు!" పొడుగు వాక్యం అయితే మధ్యలో గొంతు వణుకుతుంది.

కుట్టుమిషను పెద్దావిడ మొదటిసారి అన్న "వద్దు" ఇంకో ఇడ్లీ వేయబోతే అన్నట్టుంది. తల కొంచెం పక్కకు వాలింది, పెదవి మీద చిరునవ్వు ఉంది. ఆమెను ఇంకా గట్టిగా అరవమని అడగలేదు. ఆ నవ్వు తీసేసి, గడ్డం తిన్నగా పెట్టి, అదే స్థాయిలో మళ్ళీ అనమన్నాను. ఎదురుగా నిలబడ్డ నర్సింగ్ అమ్మాయి అప్రయత్నంగా ఒక అడుగు వెనక్కి వేసింది. ముఖం ఒకటి చెబుతూ మాట ఇంకొకటి చెబితే ఎదుటివాడు తనకు కావలసినదే వింటాడు. కాబట్టి శబ్దం పెంచేలోపు ముఖం సరిచేయండి.

తెలిసినవాడి విషయంలో గొంతు ఇంకా కష్టం. తొడిమలు తీసే పనికి వచ్చే ఒకామె అడిగింది: "మా మేస్త్రీని చెయ్యి తియ్యి అని ఎలా అంటామమ్మా? రేపు పనికి పిలవడు." ఇది పిరికితనం కాదు, పొట్టకూటి లెక్క. శిక్షకులు దాన్ని గౌరవించాలి. అలాంటివాళ్ళకు మెట్లుగా నేర్పాలి. మొదటి మెట్టు, మర్యాద తగ్గకుండా దూరం పెంచడం: "మేస్త్రీగారూ, అక్కడ నిలబడే చెప్పండి, వినబడుతుంది." రెండో మెట్టు, చేసిన పనికి పేరు పెట్టడం: "నా భుజం మీద చెయ్యి వేయవద్దు." మూడోది, నలుగురూ వినేలా అదే మాట. ఇంట్లో బావగారైనా, వరసకు మామయ్య అయినా ఇవే మెట్లు. "అండీ" అలాగే ఉండవచ్చు, కారణాలు చెప్పడం మాత్రం మానేయాలి. కారణం చెబితే దానికి బదులు చెప్పి మాట పొడిగిస్తాడు.

పనిచేసే చోట వేధింపులపై 2013 చట్టం పెద్ద ఆఫీసులకే అని వాళ్ళు అనుకుంటారు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల వాళ్ళు, ఫిర్యాదు యజమాని మీదే అయినవాళ్ళు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళవచ్చని చెప్పండి. కూలి పనివాళ్ళకూ ఇది వర్తిస్తుంది.

బస్సులో అయితే అరుపులో వివరం ఉండాలి. ఊరికే కేక వేస్తే జనం తల తిప్పి చూసి ఊరుకుంటారు. "నీలం చొక్కా, చెయ్యి తియ్యి! కండక్టర్ గారూ, బస్సు ఆపండి!" అంటే ఎవరు, ఏం చేశాడు, ఎవరు ఏం చేయాలి అన్నీ ఒక్క ఊపిరిలో తెలుస్తాయి. వరండాలో బెంచీలు రెండు వరసలు వేసి, మధ్యలో ఇరుకుగా నిలబెట్టి ఈ అభ్యాసం చేయిస్తే బాగా పట్టుబడుతుంది.

నిలబడే తీరు, ఆ తర్వాత చేతులు

ఒక కాలు అడుగు వెనక్కి, మోకాళ్ళు కొద్దిగా వదులుగా, రెండు అరచేతులు తెరిచి ఛాతీ ఎత్తులో ముందుకు. చూసేవాళ్ళకు "గొడవ వద్దు" అంటున్నట్టు ఉంటుంది. కానీ ముఖానికి, అవతలివాడికి మధ్య రెండు చేతులు సిద్ధంగా ఉంటాయి. పిడికిళ్ళు బిగిస్తే వాడు రెచ్చిపోతాడు, సాక్షులకు కూడా ఇద్దరూ కొట్లాడుకుంటున్నట్టు కనబడుతుంది.

మొదటి పట్టు మణికట్టు. దీనికి ఒక ఆదివారంలో సగం కేటాయించండి, ఎందుకంటే నిజంగా ఎక్కువగా జరిగేది ఇదే. చెయ్యి పట్టుకుంటే ప్రతి ఒక్కరూ మొదట చేసేది వెనక్కి లాగడం. భుజం బిగుసుకుంటుంది, మడమలు నేలకు తన్నుకుంటాయి, పట్టుకున్నవాడు బరువైనవాడైతే మనిషే అటు జారుతుంది. లాగడం మాన్పించండి. పట్టుకున్న చేతిని దగ్గరగా చూడమనండి. నాలుగు వేళ్ళు ఒకవైపు, బొటనవేలు ఒక్కటే ఇంకోవైపు. వేళ్ళ కొసలు, బొటనవేలి కొస కలుసుకునే చోటు పట్టులో బలహీనమైన చోటు. మణికట్టు సన్నటి అంచు ఆ సందువైపు వచ్చేలా చెయ్యి తిప్పాలి. తిప్పుతూ తన మోచేతిని వాడి మోచేతి వైపు తోయాలి, ఒక అడుగు వాడివైపే వేయాలి. దూరంగా పోవాలనుకుంటూ దగ్గరికి అడుగు వేయడానికి మనసు ఒప్పుకోదు. చాలామంది చెయ్యి బాగానే తిప్పుతారు కానీ అడుగు వేయరు, అందుకే విడిపడదు. మీరు పక్కన నిలబడి మోచెయ్యి ఎటు పోతోందో మాత్రమే చూడండి. మోచెయ్యి సరిగా పోతే మిగతాది సర్దుకుంటుంది.

వాడు రెండు చేతులతో పట్టుకుంటే, స్వేచ్ఛగా ఉన్న చేత్తో వాడి చేతుల మధ్యనుంచి తన పిడికిలినే అందుకుని పైకి లాగాలి. విడిపడగానే ఆగకూడదు. విడిపించుకుని అక్కడే నిలబడి గెలిచినట్టు నవ్వుకోవడం సాధనలో అందరూ చేస్తారు. విడిపడిన వెంటనే మూడడుగులు వెనక్కి, కేక, పరుగు. ప్రతిసారీ ఈ మూడూ కలిపే చేయించండి.

దెబ్బలు రెండు చాలు. అరచేతిలో మణికట్టుకు ఆనుకుని ఉండే గట్టి భాగంతో గడ్డం కిందనుంచో ముక్కు మీదో కొట్టడం ఒకటి. పిడికిలిని చిటికెన వేలి వైపునుంచి కిందికి దించడం రెండోది. వేళ్ళ కణుపులతో గుద్దడం నేర్పకండి. అలవాటు లేనివాళ్ళు ఎముక గల ముఖం మీద గుద్దితే వాళ్ళ చేతి ఎముకే విరుగుతుంది, ముఖ్యంగా చిటికెన వేలి కింది ఎముక. ఆ చేత్తో మరునాడు కుట్టాలి, వండాలి, పని చేయాలి. కొట్టి అలవాటు పడటానికి బియ్యం గోతంలో పాత బట్టలు కూరి, గట్టిగా కుట్టి, ఒకరు పొట్టకు ఆనించి పట్టుకుంటే చాలు. మిర్చి గోతాలు మాత్రం వద్దు. ఎంత దులిపినా రెండో దెబ్బకు తరగతి మొత్తం తుమ్ముతుంది.

కాళ్ళ మధ్య తన్నితే పడిపోతాడన్న నమ్మకం అందరికీ ఉంటుంది. తగిలితే పనిచేస్తుంది, కానీ మగవాళ్ళు ఆ దెబ్బను సహజంగానే కాచుకుంటారు, చీరలో కాలు అంత ఎత్తు లేవదు. అంతకంటే మడమతో మోకాలి కింది ఎముక మీద తన్నడం ఎవరికైనా అందుతుంది. ఒకటి విఫలమైతే రెండోది వెంటనే రావాలి. అందుకని దెబ్బలు ఎప్పుడూ జంటగా సాధన చేయించండి.

జడ పట్టుకుంటే వాడి చేతిని రెండు చేతులతో తలకు అదిమిపెట్టి, వాడివైపే కదిలి మోకాలి ఎముక మీద తన్నాలి. దూరంగా లాగితే నొప్పి పెరుగుతుంది, మెడ వాడి చేతిలోకి పోతుంది. వెనకనుంచి చేతితో గొంతు బిగిస్తే ముందు గడ్డాన్ని ఛాతీకి అదిమి, రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని కిందికి వేలాడి, బరువు మొత్తం దించి, పక్కకు తిరగాలి.

మెడ అభ్యాసాల్లో ఒక నియమాన్ని ఎవరి కోసమూ సడలించకండి: నిజమైన ఒత్తిడి వేయకూడదు, రెండుసార్లు తడితే ఆ క్షణమే వదలాలి. ఇంకో మాట కూడా అప్పుడే చెప్పండి. నిజజీవితంలో ఎవరి గొంతయినా ఎవరైనా నులిమితే, పైకి గుర్తులు లేకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. లోపల వాపు కొన్ని గంటల తర్వాత రావచ్చు. భర్త చేసినా ఇదే మాట.

పడిపోవడం, లేవడం జూడోవాళ్ళకు ఇష్టమైన పాఠం. కొంచెమే చెప్పండి. చాపల మీద దుప్పట్లు పరిచి, గడ్డం ఛాతీకి ఆనించి గుండ్రంగా పడటం నేర్పితే తల పగలదు. కింద పడ్డాక పాదాలు వాడివైపు ఉంచి తన్నుతూ, సందు దొరకగానే ఒక చెయ్యి వెనక ఆనించి లేచి పారిపోవడం. అంతే.

నేర్పకూడనివి

కత్తి లాక్కోవడం నేర్పకండి. వేదిక మీద చెక్క కత్తితో చేసి చూపించి చప్పట్లు కొట్టించుకునే శిక్షకులను చూస్తే నాకు కోపం వస్తుంది. కత్తి ఉన్నవాడు అడిగినది ఇచ్చేసి దూరంగా పోవాలి. గొలుసు, బ్యాగు, ఫోను దేనికీ ప్రాణం అడ్డం పెట్టనక్కరలేదు. పుస్తెల విషయంలో మా ఆడవాళ్ళు దీనికి ఒప్పుకోరు, వాదించి లాభం లేదు. దానికి బదులు దొంగకు అందకుండా నడవడం నేర్పుతాను. రోడ్డుకు కుడివైపున, ఎదురుగా వచ్చే బళ్ళు కనబడేలా నడవాలి, గొలుసు కనబడకుండా పైట భుజాల మీదుగా కప్పుకోవాలి. వెనకనుంచి బండి నెమ్మదించిన చప్పుడు వినగానే ఆగి తిరిగి చూడాలి. లాగుతున్నప్పుడు బండితో పాటు ఈడ్చుకుపోవడం కంటే వదిలేయడమే మేలని మాత్రం గట్టిగా చెబుతాను.

గుంటూరులో కారం పొడి గురించి అడగనివాళ్ళు ఉండరు. సంచిలో పొట్లం పెట్టుకుంటే చాలదా అంటారు. దీనికి జవాబు నేను చెప్పే అవసరం రాలేదు. తొడిమలు తీసే ఒకామె అంది: "గాలికి ఎటు పోతుందో మాకు తెలియదా? రోజంతా మా కళ్ళలోనే పడుతుంది." పొట్లం విప్పడానికి రెండు చేతులు కావాలి, చల్లడానికి గాలి కలిసిరావాలి, ఆటోలో అయితే ఇద్దరికీ పడుతుంది. మిరియాల స్ప్రే కొంత నయం. కానీ బ్యాగు అడుగున ఉంటే లేనట్టే. చీకటి దారిలో గుప్పిట్లో ఉండాలి, గడువు తేదీ చూసుకోవాలి. అలాగే నీళ్ళు నింపిన చిన్న స్ప్రే సీసాతో తీసి, గురిపెట్టి, కొట్టి, పరుగెత్తడం కొన్నిసార్లు చేయించాలి.

యాసిడ్ పడితే ఏం చేయాలన్నది కూడా చెప్పి తీరాలి. తడిసిన బట్టలు తీసేసి, ధారగా నీళ్ళు కనీసం ఇరవై నిమిషాలు పోస్తూనే ఉండాలి. నూనెలు, పూతలు రాయకూడదు. ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుది అయినా, యాసిడ్ దాడి, అత్యాచార బాధితులకు ఉచితంగా ప్రథమ చికిత్స చేయాలని నేర విచారణ పద్ధతుల చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది.

ఎదురు నిలిచే మనిషి

అయిదో ఆదివారం మా బడిలోనే పనిచేసే ఇంకో వ్యాయామ టీచరు వస్తారు. క్రికెట్ హెల్మెట్, ప్యాడ్లు, ఛాతీకి దిండు కట్టుకుని దుండగుడి పాత్ర వేస్తారు. ఈ పాత్రకు మనిషిని ఎంచుకోవడంలో జాగ్రత్త పడండి. తన బలం చూపించుకోవాలనే కుర్రవాడు పనికిరాడు, నేర్చుకునేవాళ్ళ భర్తలూ అన్నలూ పనికిరారు. మొదటి విడత పదింట మూడు వంతుల బలం, తర్వాత అయిదు, అడిగితేనే ఏడు. మర్యాదకు వెంటనే వదిలేయకూడదు. అలా వదిలేస్తే వట్టి ధైర్యం వస్తుంది, అది లేనిదాని కంటే ప్రమాదం. పట్టు విడిపడకపోతే అభ్యాసం ఆపకుండా రెండో ఉపాయానికి పోనివ్వండి. విఫలమై మళ్ళీ ప్రయత్నించి బయటపడినవాళ్ళ ముఖాలే ఆరోజు మారతాయి.

కొందరు కొయ్యబారిపోతారు. ఊపిరి ఆగుతుంది, కళ్ళు ఒకచోట నిలిచిపోతాయి. అది శరీరం తనంతట తాను చేసే పని, ధైర్యం లేకపోవడం కాదు. వెంటనే ఆపించి, ఊపిరి గట్టిగా వదలమనండి, కాలివేళ్ళు కదిలించమనండి, చిన్న శబ్దం ఏదైనా చేయమనండి. ఈ వరస అలవాటైతే బిగుసుకున్న ఒళ్ళు త్వరగా వదులుతుంది. ఒకవేళ నిజంగా ఆపద వచ్చినరోజు ఏమీ చేయలేకపోయినా తప్పు చేసినవాడిదేనని అందరికీ వినబడేలా అనండి. నేర్చుకుని కూడా ఎందుకు కొట్టలేదని రేపు ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నకు మీ తరగతి కారణం కాకూడదు.

చట్టం, ఫోను

చట్టం గురించి పావుగంట చాలు, కానీ తప్పు లేకుండా చెప్పాలి. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. తనను గానీ ఇంకొకరిని గానీ కాపాడుకోవడానికి బలం వాడవచ్చు. అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. ప్రమాదం ఉన్నంతసేపే ఆ హక్కు ఉంటుంది. వాడు కిందపడి, దారి తెరుచుకున్నాక కసితీరా తన్నితే చట్టం మన పక్షాన ఉండదు. ఫిర్యాదు సంగతి కూడా చెప్పండి. సంఘటన ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. మా పరిధి కాదని పంపించడానికి వీల్లేదు.

ఫోను విషయం చేతిలో ఫోను పెట్టుకునే నేర్పాలి. ఏ ఆపదకైనా దేశమంతటా 112, మహిళలకు 181, పిల్లలకు 1098. తెలంగాణలో వేధించేవాళ్ళను పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆపదలో పోలీసులను పిలిచే శక్తి యాప్ ఉంది. మిర్చి పనివాళ్ళ దగ్గర ఇంకా బటన్ల ఫోన్లే ఎక్కువ. 2017 నుంచి అమ్మే అలాంటి ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్ళే ఏర్పాటు ఉండాలన్నది నిబంధన. స్మార్ట్ ఫోన్లలో పవర్ బటన్‌ను వరసగా నొక్కాలి. ఎన్నిసార్లన్నది ఫోనును బట్టి మారుతుంది కాబట్టి ఒక్కొక్కరి ఫోనూ తెరిచి సెట్టింగులు చూడండి. సాధన కోసం 112కి ఫోను చేయకండి. ఒకరు పోలీసు, ఒకరు బాధితురాలు అయి పక్కపక్కన కూర్చుని మాట్లాడితే సరిపోతుంది. ముందు చోటు, తర్వాత సంగతి: "చుట్టుగుంట సెంటర్ దాటాక నరసరావుపేట రోడ్డు, ఎడమవైపు పెట్రోలు బంకు, ఆటో ఆపడం లేదు." కాల్ మధ్యలో తెగిపోయినా చోటు చేరిపోతుంది.

మగపిల్లలు వస్తే వాళ్ళకు ఎక్కువ సమయం పారిపోవడం మీద, మాట దిగమింగుకోవడం మీద పెట్టండి. రోడ్డు మీద ఒక్క తోపుకు వెనక్కి పడి తల సిమెంటుకు తగిలితే ఒకరు ఆసుపత్రికి, ఇంకొకరు జైలుకు పోతారు. చిన్నపిల్లలకు పెద్దవాళ్ళను కొట్టడం నేర్పకండి. అరవడం, పరుగెత్తడం, నమ్మే పెద్దవాళ్ళకు చెప్పడం నేర్పండి. ఒకరు నమ్మకపోతే ఇంకొకరికి చెప్పాలని కూడా నేర్పండి.

తరగతి అయ్యాక ఎవరైనా ఆగి, చెప్పులు వేసుకుంటున్నట్టు ఆలస్యం చేస్తే మీరూ ఆగండి. చెప్పేది వినండి, అడ్డురాకండి, ఆ రాత్రి అక్కడికి ఎందుకు వెళ్ళావని అడగకండి. జిల్లా కేంద్రాల్లో సఖి వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి. వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కొద్దిరోజుల వసతి ఒకేచోట దొరుకుతాయి. గుంటూరు కేంద్రం ఫోను నంబరు నా రిజిస్టరు అట్టమీదే రాసి ఉంటుంది. చెప్పింది పద్దెనిమిదేళ్ళ లోపు పిల్ల అయితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు తెలియజేయాలి. ఆ సంగతి ఆ పిల్లకు మెల్లగా, ముందే చెప్పండి.

ఆరు ఆదివారాలు అయ్యాక నెలకో పూట మళ్ళీ పిలవండి, లేకపోతే మూడు నెలల్లో అంతా మరిచిపోతారు. ఆ పూట కొత్తది ఏదీ నేర్పవద్దు. గొంతు, మణికట్టు, రెండు దెబ్బలు, మెడ, లేవడం, అవే మళ్ళీ. వాళ్ళు వెంట కూతురినో తోడికోడలినో తెస్తే మీరు ముందుకు రాకండి. మణికట్టు విడిపించుకోవడం వాళ్ళచేతే నేర్పించి, పక్కనుంచి మోచెయ్యి ఎటు పోతోందో చూస్తూ ఉండండి.